రుచి పోయిన లస్కరు

లోవమ్మది తుని దగ్గర సముద్రపొడ్డు పల్లె. త్రిమూర్తులుని చేసుకుని నరసాపురం దిగువకి కాపరానికి వచ్చేదాకా ఆమెకి వల, పడవ, ఎండుచేప తెలుసు గాని కాలువలూ తూములూ తెలియవు. త్రిమూర్తులు వాళ్ళదీ వేటకి వెళ్ళే కుటుంబమే. అతని తండ్రికి పోటు వేళలు బాగా తెలుసని ఎప్పుడో ఒక ఇంజనీరు పిలిచి మురుగుకాలువ తూము దగ్గర తలుపులు చూసుకునే లస్కరుగా పెట్టాడు. తండ్రి తర్వాత ఆ పని కొడుక్కి వచ్చింది. 2009లో త్రిమూర్తులు గుండెనొప్పితో పోతే, అది లోవమ్మకి ఇచ్చారు. అప్పటికి ఆమెకి ముప్ఫై రెండేళ్ళు. ఏడో తరగతి చదువు, నాలుగేళ్ళ కూతురు వీరదుర్గ.

చుట్టుపక్కల పొలాల నీరంతా మోసుకొచ్చే మురుగుకాలువ ఉప్పుటేటిలో కలిసే చోట ఉంటుంది ఆ తూము. మూడు ఖానాలు, మూడు ఇనుప తలుపులు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తలుపులు దించి ఉప్పునీరు లోపలికి రాకుండా ఆపాలి. ఆటు మీద ఉన్నప్పుడు ఎత్తి పొలాల నీరు బయటికి పోనివ్వాలి. చెప్పుకోడానికి ఇంతే పని. కాని రెండో పంట దాళ్వా రోజుల్లో, ఫిబ్రవరి మార్చి నెలల్లో, గోదావరి నీరు శివారు పొలాలకి అందదు. రైతులు ఈ మురుగుకాలువలోనే ఇంజన్లు పెట్టి తోడుకుంటారు. తలుపుల సందుల్లోంచి ఎంతో కొంత ఉప్పు ఊరుతూనే ఉంటుంది కాబట్టి, ఆ పూట నీరు వరికి పనికొస్తుందో లేదో లస్కరు చెప్పాలి.

అది చెప్పేది నాలుకతోనే. లోవమ్మకి ఆ విద్య నేర్పినవాడు బుల్లియ్య, ఎగువ లాకుల దగ్గర పనిచేసి రిటైరైన ముసలి లస్కరు. ఆడమనిషి తలుపుల చక్రం ఎలా తిప్పుతుందని ఊళ్ళో అనుకుంటున్న రోజుల్లో ఆయన మూడు నెలలపాటు రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఏడాది తిరిగేసరికి లోవమ్మ మాట మీద ఇంజన్లు నడిచేవి. గట్టు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని, నోట్లో పోసుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఉమ్మేసేది. చప్పన, అంచుకి తగిలింది, గొంతు పట్టింది, ఉమ్మేయాలి. ఉప్పు పెరిగే వరసలో ఈ నాలుగు మాటల్లో ఏదో ఒకటి చెప్పేది. రిజిస్టర్లో కూడా అవే రాసేది.

2021 మే నెలలో ఆమెకి కరోనా వచ్చింది. పద్నాలుగు రోజులు తూము పక్కనున్న లస్కరు గదిలోనే ఒంటరిగా ఉంది. జ్వరం తగ్గి, లేచి కూర్చున్న రోజున ఎండు సావిడాయ చేపలు వేపుకుంది. వాసన రాలేదు. నోట్లో పెట్టుకుంటే అట్టముక్క నమిలినట్టుంది. రెండు నెలల్లో తిరిగొస్తుందని ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. రెండు నెలలు పోయాయి. లోవమ్మ పొద్దున్నే ఉప్పు కల్లు ఒకటి నాలుక మీద పెట్టుకుని చూసుకునేది. అది గులకరాయిలా ఉండి, కరిగి, పోయేది. హాస్టలు నుంచి సెలవులకి ఇంటికొచ్చిన వీరదుర్గ ఒకరోజు పులుసు కలుపుకుని "అమ్మా, ఇందులో ఉప్పు వేశావా?" అంది. మర్చిపోయానంది లోవమ్మ. ఆ రోజు నుంచి చెంచాతో కొలిచి వేయడం మొదలుపెట్టింది.

ఎవరికీ చెప్పలేదు. దాచాలని ఒకనాడు కూర్చుని నిర్ణయించుకున్నదేమీ కాదు. తొలకరి నుంచి డిసెంబరు దాకా కాలువల నిండా నీళ్ళు, తూము దగ్గర రుచితో పనే లేదు. అడిగేవాళ్ళు లేరు గనక చెప్పే సందర్భమూ రాలేదు. ఈలోగా వచ్చేస్తుందిలే అనుకుంది. సంక్రాంతి వెళ్ళి దాళ్వా నాట్లు పడ్డాక, నీటి రంగు చూసి, ఒడ్డున నురుగు చూసి, ఏ చేపపిల్లలు తిరుగుతున్నాయో చూసి చెప్పడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ దోసిట్లో తీసుకుని నోట్లో పోసుకునేది కూడా. మూడు వారాలు అన్నీ సరిగ్గానే చెప్పింది.

ఫిబ్రవరి ఆఖరులో ఒక ఉదయం పల్లంరాజు వచ్చాడు. తూముకి దగ్గర్లో ఆయనకి నాలుగెకరాలు. పొట్టకొచ్చిన చేను, మడిలో నెరలు తీస్తోంది.

"ఎలా ఉంది లోవమ్మా ఇవాళ?"

లోవమ్మ దిగి, నీళ్ళు నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని ఉమ్మేసింది. నీరు తేటగా ఉంది. నురుగు లేదు.

"చప్పనేనండి రాజుగారు. పెట్టుకోండి."

రెండు రోజులు ఇంజను నడిచింది. పల్లంరాజు పక్కనే కౌలు చేసుకుంటున్న అబ్రహాము కూడా, రాజుగారు పెడుతున్నారు కదా అని, తన ముప్పావు ఎకరానికి తోడుకున్నాడు. ఆ వారం చివర మధ్య తలుపు దించుతుంటే అడుగున ఏదో అడ్డుపడి చక్రం తిరగలేదు. కొక్కెం వేసి లాగితే గుర్రపుడెక్క ముద్ద ఒకటి వచ్చింది, గేదెదూడంత. అది తలుపు కింద ఇరుక్కుని ఎన్ని పోట్లు లోపలికి వదిలిందో తెలియదు.

నీరు పెట్టిన ఆరో రోజున పల్లంరాజు మనిషిని పంపాడు, చేనికి రమ్మని. లోవమ్మ వెళ్ళేసరికి ఆయన గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఆకుల కొసలు ఎండుగడ్డి రంగులోకి తిరిగాయి. మడి అంచుల్లో మట్టి మీద తెల్లగా పొర కట్టింది.

"ఇది తెగులు కాదు లోవమ్మా. ఉప్పు."

"ఆయ్."

"నువ్వు నోట్లో వేసుకున్నావు. నేను చూశాను."

"వేసుకున్నానండి."

"మరి చప్పనన్నావేంటి?"

లోవమ్మ మడి వైపే చూస్తూ చెప్పింది. "నాకు రుచి తెలీట్లేదండి రాజుగారు. కిందటి మే నెల్లో ఆ జొరం వచ్చిన కాణ్ణించి తెలీట్లేదండి."

పల్లంరాజు వంగి ఎండిన ఆకుకొస ఒకటి తుంచాడు. "కూరల్లో కూడానా?" అని అడిగాడు.

"దేంట్లోనూ తెలీదండి."

"ఆ మాటేదో ముందే చెప్తే నేనే రెండు చుక్కలు నోట్లో వేసుకుని చూసుకునేవాణ్ణి కదా."

"ఆయ్" అంది లోవమ్మ. ఆమెకి ఏడుపు రాలేదు. గట్టు మీద ఎంతసేపు నిలబడాలో, ఎప్పుడు వెళ్ళిపోవచ్చో మాత్రం తెలియలేదు. ఆయన ఇంజను వైపు నడిచాక తనూ వెనక్కి వచ్చేసింది.

విషయం సెక్షన్ ఆఫీసు దాకా వెళ్ళింది. ఇంజనీరు సంజాయిషీ రాసిమ్మన్నాడు. లోవమ్మ తెల్లకాగితం మీద ఉన్నదున్నట్టు ఏడు వాక్యాలు రాసిచ్చింది. ఆయన రెండుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు. వేరే లస్కరుని వేద్దామంటే ఉన్న లస్కర్లే తలా మూడు తూములు చూస్తున్నారు. అందువల్ల లోవమ్మ అక్కడే ఉంది. రైతులు మాత్రం నీళ్ళు తామే రుచి చూసుకోవడం మొదలుపెట్టారు. ఆమెని అడగడం మానేశారు.

అబ్రహాము నెమ్మదైన మనిషి, లూథరన్ సంఘంలో పెద్ద. ఆయన లోవమ్మతో ఒక్క మాట కూడా అనలేదు. అడగడానికి వచ్చింది ఆయన కూతురు ప్రిస్కిల్లా. ఆమె హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెబుతుంది. ఒక శనివారం బడి అయ్యాక స్కూటీ మీద తిన్నగా తూము దగ్గరికి వచ్చి, హెల్మెట్ తీయకుండానే అడిగింది.

"మా నాన్నగారు ఆ ముప్పావు ఎకరం దున్నేస్తున్నారండి. ఉప్పు తెలియకుండా మీరిక్కడ ఇంకేం చూస్తారండి?"

"పోటు ఎప్పుడొస్తాదో తెలుసండి. తలుపులు తిప్పడం తెలుసండి" అంది లోవమ్మ. కాస్త ఆగి, "ఉప్పు తెలుసుకునే దారి ఇంకోటేదన్నా ఉంటే చెప్పండి టీచరుగారూ. నేర్చుకుంటాను" అంది.

ప్రిస్కిల్లా అందుకు సిద్ధపడి రాలేదు. కాసేపు కాలువ వైపు చూసి హెల్మెట్ తీసింది.

తర్వాతి శనివారం ఆమె ఒక అట్టపెట్టె తెచ్చింది. బడి ల్యాబులో పిల్లలు ప్రాజెక్టులు చేసే మైక్రోకంట్రోలర్ బోర్డు అది, చిన్న కంప్యూటర్ లాంటిది, అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దది, రెండు వైపులా జెర్రికి ఉన్నట్టు కాళ్ళు. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుందనీ, మంచినీటిలో తక్కువ పారుతుందనీ, ఆ తేడా ఈ బోర్డు పట్టుకుంటుందనీ చెప్పింది. రెండు స్టీలు కడ్డీలు వేలెడు ఎడంలో ప్లాస్టిక్ ముక్కకి బిగించి, తీగలు కట్టి, కాలువలో ముంచారు. బోర్డు మీద ఎర్రలైటు వెలిగింది. ఉప్పుందన్నమాట. తాగే నీళ్ళ బిందెలో ముంచితే కూడా వెలిగింది.

"మంచినీళ్ళకీ ఉప్పంటోందండి ఇది" అంది లోవమ్మ.

ప్రిస్కిల్లా తలపట్టుకుంది. ఆ బోర్డుకి కొలత చదవగలిగిన కాలు ఒక్కటే ఉండేదట, అది పిల్లల చేతుల్లో కాలిపోయింది. మిగతా కాళ్ళకి తెలిసినవి రెండే సంగతులు, ఉంది, లేదు. ఎంత ఉంది అన్నది వాటికి అంతుబట్టదు. బిందెలో నీటిలో కూడా కొంచెం కరెంటు పారుతుంది కాబట్టి ఉందనే అంటున్నాయి.

"మరి ఎంతో చెప్పేది దొరకదాండి?"

"దొరుకుతుందండి. దానికో చిప్ ఉంది. ఎంత ఉందో కొలిచి, అంకెగా మార్చి బోర్డుకి చెబుతుంది."

అది పోస్టులో రావడానికి పది రోజులు పట్టింది. నల్లగా, పదహారు కాళ్ళతో, చింతగింజ సాగదీసినట్టు ఉంది. ఒక పక్క ఎనిమిది కాళ్ళు కొలతలు వినడానికి. రెండో పక్కవాటిలో నాలుగు, విన్నది బోర్డుకి చేరవేయడానికి. మిగిలినవి కరెంటుకి. సున్నా నుంచి వెయ్యిన్ని ఇరవైమూడు దాకా అంకె చెబుతుంది, బోర్డుకి తగిలించిన చిన్న తెర మీద అది కనిపిస్తుంది. ఏ కాలు ఎక్కడికి వెళ్ళాలో ప్రిస్కిల్లా కాగితం మీద గీసి చూపించింది. ఒక తీగ తప్పు కాలికి తగిలించి పావుగంట ఇద్దరూ సున్నాలే చూశారు. కాగితంతో పోల్చి తప్పు పట్టుకున్నది లోవమ్మ. చిక్కుపడ్డ వల విప్పినట్టు ఒక్కొక్క తీగ వేలితో తడుముకుంటూ వెళ్ళింది. సరిచేశాక బిందె నీళ్ళకి నూట ఎనభై వచ్చింది. ఉప్పుటేటి నీళ్ళకి ఎనిమిది వందలు దాటింది.

అంకెలు వచ్చాయి గాని వరికి ఏ అంకె దగ్గర దెబ్బో ఎవరికీ తెలియదు. ప్రిస్కిల్లాకి పుస్తకాల్లో లెక్కలు దొరికాయి, కాని అవి సరైన మీటరుతో కొలిచినవాళ్ళకి. ఈ కడ్డీలు ఇంట్లో బిగించినవి. దేనితోనైనా పోల్చుకోవాలి.

"నా నాలిక ఉన్నప్పటి మాటలతో పోల్చుకోవచ్చండి" అంది లోవమ్మ.

"నాలుక లేదు కదండీ ఇప్పుడు."

"బుల్లియ్య మావయ్య నాకు ఊరికే నేర్పలేదండి. గోదారి నీళ్ళు చెంబుడు తీసుకుని అందులో సముద్రం నీళ్ళు చెంచాలతో కలిపి తాగించేవాడు. మూడు చెంచాలకి అంచుకి తగులుద్ది. ఏడింటికి గొంతు పట్టుద్ది, అక్కణ్ణించి వరికి దెబ్బే. పన్నెండుకి ఉమ్మేయాలి. ఆ లెక్క నాకు గుర్తేనండి. చెంబు కూడా ఉంది."

ఆదివారం ప్రార్థన అయ్యాక ప్రిస్కిల్లా తండ్రిని కూడా తీసుకుని వచ్చింది. అటుగా వెళ్తున్న పల్లంరాజు మోటారుసైకిలు ఆపాడు. లోవమ్మ చెంబులో గోదావరి నీళ్ళు పోసి చెంచాలు కలుపుతుంటే, ప్రిస్కిల్లా అంకెలు రాసుకుంది. మూడుకి రెండువందల అరవై. ఏడుకి మూడువందల తొంభై. పన్నెండుకి ఐదువందల పది. నాలుక సాక్ష్యం కూడా ఉంటే మంచిదని పల్లంరాజుకి మూడు గ్లాసులు ఇచ్చారు. ఆయన మూడూ చప్పరించి, మొదటిదీ రెండోదీ ఒకటేనన్నాడు. అబ్రహాము కూడా అలాగే అన్నాడు. ఆ రెండింటికీ మధ్య నాలుగు చెంచాల తేడా ఉంది.

"మరి రోజూ మేం చూసుకుంటున్నది ఏంటి?" అన్నాడు పల్లంరాజు, గ్లాసు వైపు చూస్తూ.

బోర్డూ చిప్పూ పెట్టిన పెట్టెని లస్కరు గది గోడకి బిగించి, కడ్డీల్ని తీగతో కాలువలోకి వదిలారు. అక్కడితో పని అయిపోలేదు. వారం తిరక్కుండానే అంకె తనంతట తానే రోజురోజుకీ తగ్గసాగింది. లోవమ్మ కడ్డీలు పైకి తీసి చూస్తే ఒకదాని మీద గోధుమరంగు పాచిలాంటిది పట్టి ఉంది. చింతపండుతో తోమి ముంచితే అంకె మళ్ళీ పైకి వచ్చింది. ఫోన్లో చెబితే ప్రిస్కిల్లా ఆలోచించి, కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారడం వల్ల కడ్డీ తినుకుపోతోందని తేల్చింది. కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చి, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి పంపేలా ప్రోగ్రాం మార్చింది. పాచి ఆగింది.

తర్వాత మధ్యాహ్నం పూట అంకె పెరుగుతోందని లోవమ్మ గమనించింది. పోటు లేదు, తలుపులు బిగువుగా ఉన్నాయి, అయినా రెండింటికి పొద్దుటికన్నా ముప్ఫై ఎక్కువ. నీళ్ళలో చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగా ఉన్నాయి.

"టీచరుగారూ, నీళ్ళు వేడెక్కితే ఉప్పు ఎక్కువ చూపిస్తాదాండి ఇది?"

ఫోన్లో ప్రిస్కిల్లా ఒప్పుకుంది. "చూపిస్తుందండి. నేనే మర్చిపోయాను." వేడిని బట్టి కరెంటుకి దారి ఎక్కువా తక్కువా ఇచ్చే పూసలాంటిది ఒకటి తెచ్చి చిప్పు రెండో కాలికి కలిపింది. బోర్డు ఆ వేడి చూసుకుని అంకె సవరించుకునేలా చేసింది. మూడో కాలికి ఉప్పుటేటి వైపు ఒక తేలుడు బుంగ కట్టారు, నీటిమట్టానికి. రేడియోలో సౌండు పెంచే మర ఉంటుందే, అలాంటిదానికి కర్ర బిగించి, కర్ర కొసకి బుంగ కట్టింది లోవమ్మే. అప్పటికి ఆమె తీగ ఒలవడం, టంకం వేయడం నేర్చుకుంది. మొదట్లో రెండు వేళ్ళు కాల్చుకుంది.

రిజిస్టర్లో మాటల బదులు అంకెలు రాయడం మొదలుపెడితే ఇంజనీరు అడిగాడు, "ఇవి ఏ కొలతలో అమ్మా?" అని. "పెట్టెలో అంకెలండి" అంది లోవమ్మ. ఆయన అవి ఆఫీసు కాగితాల్లోకి ఎక్కించలేదు, వద్దనీ అనలేదు. 2023 దాళ్వాకి రైతులు మళ్ళీ అడగడం మొదలుపెట్టారు. ముందు అబ్రహాము వచ్చాడు. "ఎంతుందమ్మా?" అన్నాడు. "రెండొందల పదండి" అంది. ఆయన తలూపి వెళ్ళి ఇంజను పెట్టుకున్నాడు. పల్లంరాజు ఇంకో పది రోజులకి ఫోన్ చేశాడు. ఆ ఏడు ఉప్పుకి ఎవరి చేనూ కాలలేదు. రెండుసార్లు మాత్రం నాలుగువందలు దాటిందని లోవమ్మ ఇంజన్లు ఆపించింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాలువ బాగా కిందికి దిగింది. ఒక ఉదయం అంకె సున్నాకి పడిపోయింది. వెళ్ళి చూస్తే కడ్డీలు గాలిలో వేలాడుతున్నాయి. లోవమ్మ ఇంకో మూరెడు తీగ అతికించి కిందికి వదిలింది. పట్టు జారి కడ్డీలు అడుక్కంటా వెళ్ళాయి. గదిలోకి వచ్చి చూస్తే ఆరువందల ముప్ఫై.

చిప్పు పోయిందనుకుంది. తీగ పైకి లాగి, నీటి మట్టానికి జానెడు లోతులో పట్టుకుంది. రెండువందల ముప్ఫై. మళ్ళీ అడుక్కి వదిలింది. ఆరువందల ఇరవై. గట్టుకీ గదికీ మధ్య తిరుగుతూ ఎనిమిదిసార్లు చూసింది. పైనీళ్ళూ అడుగునీళ్ళూ వేరు. ఏటి మొగలో వేటకి వెళ్ళేవాళ్ళు లోతు వలకి సముద్రపు చేపలు పడతాయనీ, పైన నీళ్ళు మాత్రం తాగొచ్చనీ చెప్పుకోవడం ఆమె చిన్నప్పటి నుంచీ విన్నదే. అది ఈ కాలువకి కూడా వర్తిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

ప్రిస్కిల్లాకి ఫోన్ చేసింది.

"ఉప్పునీరు బరువండి, కిందికి దిగి కూర్చుంటుంది" అంది ప్రిస్కిల్లా. ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. "లోవమ్మగారండీ, నాలుకతో చూసేటప్పుడు మీరు నీళ్ళు ఎక్కడ తీసుకునేవారండి?"

"దోసిట్లోనండి. పైనే."

"రాజుగారి ఇంజను పైపు?"

"అడుగునుంటాది."

"అయితే ఆ రోజు మీకు రుచి తెలిసినా చప్పగానే ఉండేదేమోనండి" అంది ప్రిస్కిల్లా.

"ఉండొచ్చండి. ఉండకపోనూ వచ్చు. ఆ రోజు నీళ్ళు ఇప్పుడు లేవు కదండీ" అంది లోవమ్మ. ఆ మాట ఆమె సంజాయిషీలో చేర్చలేదు, ఎవరి దగ్గరా ఎత్తలేదు. చిప్పుకి నాలుగో కాలు ఖాళీగా ఉంటే, ఇంకో జత కడ్డీలు చేసి దానికి కలిపింది. ఒక జత పైన, ఒక జత అడుగున. రిజిస్టర్లో ఇంకో గడి గీసుకుంది.

సాయంత్రం పల్లంరాజు ఫోన్ చేసి ఎంతుందని అడిగితే, "పైన రెండొందల ముప్ఫై, అడుగున ఆరొందలండి" అంది.

"అడుగునేంటి?"

లోవమ్మ పైనీళ్ళ సంగతీ అడుగునీళ్ళ సంగతీ చెప్పింది. అంతకుమించి చెప్పలేదు. ఆయన విని, "నా పైపు మొన అడుగున కదా ఉంది" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. అవతల ఏదో మోటారుసైకిలు వెళ్ళిన చప్పుడు వినిపించింది. "సరే, చూస్తాను" అని పెట్టేశాడు.

మర్నాడు పొద్దున లోవమ్మ తలుపులు ఎత్తడానికి వెళ్తుంటే పల్లంరాజు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, ఇరవై లీటర్ల ఖాళీ డబ్బా ఒకటి ఇంజను పైపు మొనకి కొబ్బరితాడుతో కడుతున్నాడు. డబ్బా తేలి, మొనని నీటి పైపొరలో నిలబెట్టింది. ఆయన తలెత్తి ఆమెని చూసి, "ఈ లోతు చాలా?" అని అడిగాడు.

"ఇంకో బెత్తెడు పైకి కట్టండి" అంది లోవమ్మ.

ఆయన ముడి విప్పి మళ్ళీ కట్టాడు. ఆ నెలాఖరుకి కాలువ పొడుగునా పదకొండు డబ్బాలు తేలుతున్నాయి.